మిరపకాయల కళ్లంలో ముగ్గురు రాజులు

గుంటూరు వైపు వెళ్లొచ్చానని చెప్పగానే మా ఆఫీసులో అందరూ అడిగింది ఒకటే మాట: "కారం ఏదీ?" తెచ్చాను, రెండు కిలోలు. అయితే నేను అక్కడికి వెళ్లింది కారం కోసం కాదు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేల్చుకోవడానికి.

మాది హైదరాబాదులో రెండు గదుల కంపెనీ. కంప్యూటర్లో ఆడుకునే ఆటలు తయారు చేస్తాం. ఇది రెండువేల ఆరో సంవత్సరం సంగతి. అప్పుడు మేం చేస్తున్న ఆటలో మిరప పొలంలో పుట్టినవాడొకడు బయల్దేరి, నానా తిప్పలూ పడి, ఒక రాజ్యానికి రాజవుతాడు. ఆడేవాళ్లు అతని వేషం వెయ్యాలి. మొదట్లోనే ముప్పై మార్కులిస్తాం. బలం, ఓర్పు, చురుకు, తెలివి, మాట, అదృష్టం అని ఆరు గుణాలు. ఒక్కోదానికి పదికి మించకుండా ఆ ముప్పైని ఎవరికి నచ్చినట్టు వాళ్లు పంచుకుని తమ రాజుని తయారు చేసుకోవాలి. అందులో మాటల రంగాలన్నీ రాసింది నేనే. ఎనిమిది నెలలు కూర్చుని రాశాను.

తీరా పరీక్షకి పదిహేనుమందిని పిలిచి ఆడిస్తే, పదిహేనుమందీ బలానికి పది, ఓర్పుకి పది, చురుకుకి పది పెట్టేశారు. మాటకి గుండుసున్నా. నేను కష్టపడి రాసిన మంత్రి నోరు తెరిచేలోపే వాణ్ణి చావగొట్టి ముందుకెళ్లిపోయారు. ఒక్క డైలాగూ ఎవరూ చదవలేదు.

మా యజమాని మురళి తేల్చి చెప్పేశాడు. "సోమవారం దాకా టైమిస్తున్నా. దీనికి మందు కనిపెట్టు. లేదంటే గుణాలూ మాటలూ పీకేసి, పరిగెత్తి కొట్టే ఆట చేసేద్దాం."

"మరి నేనో?"

"కొట్టే ఆటకి మాటలు రాసేవాళ్లు దేనికి పద్మజా?"

మిరప పొలం కథ రాశామే గానీ మా ఆఫీసులో మిరప పొలం చూసిన మనిషి లేడు. నాది అనకాపల్లి, బెల్లం ఊరు. వెళ్లి నిజం మనుషులతో మార్కులు వేయించి చూద్దామని, గుణాల కార్డులు యాభై జిరాక్సు తీయించుకుని గురువారం పొద్దున్నే బస్సెక్కాను.

పిడుగురాళ్ల: బలానికి సున్నా

పిడుగురాళ్లలో బస్సు టైరు పంక్చరైంది. దిగి చూస్తే ఊరు ఊరంతా సున్నం పూసుకుని కూర్చుంది. చెట్ల ఆకులు తెలుపు, సైకిళ్లు తెలుపు, టీకొట్టు బెంచీ తెలుపు. కూర్చుని లేచేసరికి నా నల్ల చుడీదారు కూడా ఊళ్లో కలిసిపోయింది. టీ రెండు రూపాయలు. మా వైపు టీలో బెల్లం వేసినా ఇంత తియ్యగా ఉండదు.

పక్కన సున్నపు బట్టీలో పనిచేసే సైదమ్మ అనే ఆవిడ టీ తాగుతోంది. నలభై ఏళ్లుంటాయి. చేతిలో కార్డు పెట్టి ఆట వివరించాను. చదువు రాదంది. నేను చదువుతుంటే తను చెప్పింది.

"బలానికి ఎంత వెయ్యనమ్మా?"

"సున్నా."

"సున్నానా?"

"బలం ఉందని తెలిస్తే ఇంకో తట్ట నెత్తికెత్తుతారు. నాకెందుకమ్మా? మాటకి పదెయ్యి. తెలివికి పదెయ్యి. మిగిలింది అదృష్టానికెయ్యి. ఓర్పుకి ఒక్కటి కూడా వెయ్యొద్దు, ఇప్పటికే మస్తుగా ఉంది."

హైదరాబాదులో పదిహేనుమంది చదువుకున్నవాళ్లకి తట్టని సంగతి ఆవిడ టీ చల్లారేలోపు తేల్చేసింది. నేను సంతోషంతో రెండో టీ ఇప్పించాను. టైరు మార్చడం అయిపోయి బస్సు కదులుతుంటే వెనక నుంచి కేకేసింది: "మా మేస్త్రీకి మాత్రం ఈ ఆట చూపించమాకు!"

గుంటూరు: తువ్వాలు కింద

మిర్చి యార్డు గేటు దాటిన దగ్గర్నుంచి నేను మాట్లాడింది తక్కువ, తుమ్మింది ఎక్కువ. మా అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఈగలతో పోట్లాట. ఇక్కడ గాలితోనే పోట్లాట. కొండల్లా పేర్చిన మిరపకాయల బస్తాలు, వాటిని ఇక్కడ టిక్కీలంటారు, వాటి మధ్య జనం హాయిగా నిలబడి పకోడీలు తింటున్నారు. నేను తుమ్మినప్పుడల్లా హమాలీలు లెక్కపెట్టారు. పదిహేడు దగ్గర ఆపేసి, "ఇక చాల్లే, బయట నీళ్లున్నయ్, పో" అని దారి చూపించారు.

ముఖం కడుక్కుని వచ్చేసరికి ఒకచోట ఇద్దరు పెద్దమనుషులు ఒకే తువ్వాలు కింద చేతులు పెట్టుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. నోట మాట లేదు. తువ్వాలు మాత్రం కదులుతోంది. కాసేపటికి ఒకాయన తలూపాడు, ఇంకొకాయన చెయ్యి తీసేసుకున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?" అని పక్కనున్న రైతుని అడిగాను.

"బేరం. వేళ్లతో రేటు చెప్పుకుంటున్నారు. పక్కోడికి తెలియకూడదు గదా."

ఆ రైతు పేరు వెంకటప్పయ్య. యాభై అయిదేళ్ల మనిషి, చెవుల మీద వెంట్రుకలు, చొక్కా జేబులో మూడు పెన్నులు. పర్చూరు దగ్గర పల్లె ఆయనది. ఆ రోజు సరుకు అమ్ముడుపోవడం ఆలస్యమని తెలిసి టిక్కీ మీద కూర్చున్నాడు. నేను కార్డిచ్చాను. ఆయన ముప్పైలో పద్దెనిమిదే పంచి వెనక్కిచ్చాడు.

"ఇంకా పన్నెండు ఉన్నాయండీ."

"ఉండనీ. అన్నీ ఇప్పుడే పెట్టేస్తే రేపు వానో తెగులో వస్తే ఏం చేసేది? ఇంట్లో ఉంచుకుంటా."

"అలా దాచుకోవడానికి ఆటలో వీల్లేదండీ."

"అయితే మీ ఆట చేసినోళ్లెవరూ మిరప ఎయ్యలేదన్నమాట," అన్నాడు.

ఇంతకీ నీ పనేమిటని అడిగాడు. ఒకరి వేషం ఇంకొకరు వేసే ఆట తయారు చేస్తానని చెప్పాను. వేషం అన్న మాట చెవిన పడగానే మనిషి లేచి నిలబడ్డాడు. వాళ్ల ఊళ్లో ఆదివారం తిరునాళ్లట. పౌరాణిక నాటకం ఆడుతున్నారట. దాన్ని నడిపించేది తనేనట.

"వేషాల సంగతి కావాలంటే హైదరాబాదులో ఏముందమ్మా? మా ఊరు రా. రాజు వేషం ముగ్గురు ఏస్తున్నారు."

"ముగ్గురు రాజులా?"

"ఒకడే రాజు. ముగ్గురు మనుషులు."

అర్థం కాలేదు. కానీ నా ఆట కూడా రాజు గురించే కదా. మర్నాడు ఆయనతో వెళ్లిపోయాను. అంతకుముందు ఆ సాయంత్రం ఒక మెస్సులో పాతిక రూపాయలకి భోజనం చేశాను. పండుమిరపకాయ పచ్చడి వడ్డించినాయన "కొత్తా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపు నెయ్యి గిన్నె నా ముందు పెట్టి వెళ్లాడు. ఆ మంచి మనిషి గుణాల కార్డు నేనే రాసి దాచుకున్నాను. తెలివికి పది.

పర్చూరు దగ్గర పల్లె: నేను చేసిన ఘనకార్యం

ఊరి పేరు రాయనని మాటిచ్చాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

రిహార్సల్సు కళ్లంలో. మిరపకాయలు ఆరబోసిన మైదానాన్ని ఇక్కడ కళ్లం అంటారు. కనుచూపు మేర ఎర్రటి దుప్పటి పరిచినట్టుంటుంది. ఒక మూలన ఆడవాళ్లు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే, ఇంకో మూలన టార్పాలిన్ పందిరి కింద హార్మోనియం పెట్టుకుని రాజులు రాగాలు తీస్తున్నారు. పద్యం చివర రాగం పొడుగ్గా సాగదీసేటప్పుడు గాలి ఇటు తిరిగిందా, రాజుగారికి పొలమారుతుంది. ఆడవాళ్లు ఏరడం ఆపి నవ్వి మళ్లీ ఏరుకుంటారు.

మా వైపు నాటకాల్లో ఒక వేషానికి ఒక మనిషి. ఇక్కడ పద్ధతి వేరు. రాజు వేషాన్ని రంగాల వారీగా పంచుకుంటారు. మొదటి రాజు కోటయ్య గారు, అరవై దాటిన పెద్దరైతు, గొంతు ఖంగుమంటుంది. ఏడుపు రంగం, పద్యాలు ఆయనవి. రెండో రాజు సుబ్బారావు, దర్జీ. సభలో వాదించే రంగం అతనిది. మూడో రాజు ఆంజనేయులు, లారీలకి లోడెత్తే మనిషి, ఆరడుగుల పైచిలుకు. యుద్ధం అతనిది.

నేను వెళ్లేసరికి గొడవ జరుగుతోంది. ఈసారి సభ రంగం కూడా తనే వేస్తానని కోటయ్య గారు పట్టుపట్టారు. సుబ్బారావు ఇవ్వనంటున్నాడు.

"పదేళ్ల నుంచీ నాదే ఆ రంగం! ఎట్టా ఇస్తాను?"

"ఏరా, హార్మోనియం ఎవరిదిరా?" అన్నారు కోటయ్య గారు. హార్మోనియం ఆయనది.

వెంకటప్పయ్య నా వైపు చూశాడు. "అమ్మాయి బయటి మనిషి. పైగా కంప్యూటర్ మనిషి. ఎవరి పక్షమూ కాదు. అమ్మాయే మార్కులెయ్యాలి."

అందరూ ఒప్పుకున్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ముగ్గురి చేతా సభ రంగం చెప్పించాను. పద్యమైతే గుండె కరిగించే కోటయ్య గారు వచనం దగ్గరికొచ్చేసరికి పాఠం అప్పజెప్పినట్టు గడగడా చదివేశారు. మధ్యలో ఎవరో ఎదురు ప్రశ్న వేస్తే "ఉండు, చెప్తున్నా గదా" అన్నారు, అదీ రాజు గొంతుతో. నేను నిజాయితీగా కార్డులు నింపి, ఆఫీసులో చేసినట్టే, అందరికీ కనపడేలా పందిరి గుంజకి వరసగా గుచ్చేశాను.

కోటయ్య గారు, మాట: రెండు.

చదువొచ్చినవాళ్లు చదివారు. రానివాళ్లు చదివించుకున్నారు. పది నిమిషాల్లో కళ్లం దాటి, వీధులు దాటి, ఊరి చివర కిళ్లీకొట్టు దాకా పాకింది.

"నా మాటకి రెండా?" అని ఒక్కసారే అన్నారు కోటయ్య గారు. హార్మోనియం చంకనెత్తుకుని ఇంటికెళ్లిపోయారు.

అదే ఊరు: మార్కుల కోసం వచ్చినవాళ్లు

శనివారం పొద్దున నేను లేచేసరికి వెంకటప్పయ్య ఇంటి ముందు జనం. నాటకం ఆగిపోతుందన్న దిగులుతో వచ్చారనుకున్నాను. కాదు, తమకీ మార్కులెయ్యమని వచ్చారు. తాలుకాయలు ఏరే ఒకావిడ తనకొద్దంది, అత్తగారికి వెయ్యమంది. ఆంజనేయులు తన బలానికి పదికి తొమ్మిదే వేశానని, ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందో చెప్పమని వచ్చాడు. అందరూ చూస్తుండగా నీళ్లు నిండిన డ్రమ్ము ఎత్తి చూపించాడు కూడా. సరేనని పది చేశాను. డ్రమ్ము దించేటప్పుడు నా చెప్పులు తడిపేశాడు.

వెంకటప్పయ్య భార్య రమణమ్మ గారు గోంగూర పచ్చడీ వేడి అన్నమూ పెడుతూ, "మా ఆయనకి తెలివికి ఎంతేశావు?" అని అడిగారు.

"ఏడండీ."

"నిన్ను ఇంటికి తెచ్చినందుకు అందులో మూడు తగ్గించు," అన్నారు.

నవ్వాను గానీ కంచం పక్కకి జరిపాను. కోటయ్య గారి ఇంటి తలుపు వేసే ఉంది. హార్మోనియం లోపల ఉంది. నాటకం లేకపోతే ముగ్గురు కలిసి ఒక్క రాజెలా అవుతారో నేను చూడలేను. సోమవారం ఉత్త చేతులతో మురళి ముందు నిలబడాలి. అన్నిటికంటే, ఆ పెద్దాయన ముఖం కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఊరి మనిషిని ఊరి మధ్యలో నిలబెట్టి తూకం వేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

వెంకటప్పయ్య చెయ్యి కడుక్కుని భుజం మీద తువ్వాలు వేసుకున్నాడు. "పద. యార్డులో చూశావు గదా. ఎవడి సరుకు రేటు వాడికే చెప్తారు. నువ్వేందమ్మా మైకులో చెప్పినట్టు గుంజకి గుచ్చావు?"

కోటయ్య గారి అరుగు మీద ఆయన ఎదురుగా నన్ను కూర్చోబెట్టి, మా ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పాడు. "అమ్మాయి మళ్లీ మార్కులేస్తుంది బావా. నీకూ ఆవిడకీ మధ్యనే. మేమెవ్వరం అడగం." అని చెప్పి, అరుగు చుట్టూ చేరిన జనాన్ని అటు తిప్పి నిలబెట్టాడు.

నేను ఎనిమిది వెయ్యాలని నిశ్చయించుకునే వచ్చాను. అబద్ధమైనా సరే. ఎనిమిదిని వేళ్లతో ఎలా చెప్పాలో తెలీక తికమక పడుతుంటే, ఆయన చెయ్యే నా చేతిని పట్టుకుంది. గట్టి చెయ్యి, కాయలు కాసిన చెయ్యి. రెండు వేళ్లు నా అరచేతిలో ఒత్తింది.

తలెత్తి చూశాను.

"రెండేలేమ్మా," అన్నారు మెల్లిగా. "నా నోరు నాకు తెలియదా? మా ఆవిడ ఒకటే ఏసేది. సభ రంగం ఎందుకడిగానంటే, వచ్చే ఏటికి ఈ గొంతు ఉంటదో లేదో. ఒక్కసారి అన్ని రంగాలూ ఏద్దామనిపించింది. అంతే. రెండని నాకు చెప్తే సరిపోయేది గదమ్మా. గుంజకెందుకు గుచ్చావు?"

"తప్పయిందండీ," అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఊళ్లో ఆ ఒక్కసారే అవి మిరపకాయల వల్ల వచ్చినవి కావు.

ఆయన తువ్వాలు తీసేసి జనంతో గట్టిగా అన్నారు: "తేలింది. సభ రంగం సుబ్బారావే ఏస్తాడు. ఎవడ్రా అక్కడ, హార్మోనియం మొయ్యండి!"

ఎన్ని మార్కులని ఒక్కరూ అడగలేదు. ఆయన ముఖం చూసి పదికి పదే వచ్చి ఉంటాయని సగం ఊరు నమ్మింది. తర్వాత సుబ్బారావు కూడా తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. పది కావాలని అయిదు వేళ్లూ రెండుసార్లు నొక్కాడు. నేను ఏడు దగ్గర ఆగాను. కాసేపు లాగి, చివరికి నవ్వేసి వదిలేశాడు.

తిరునాళ్ల: కోపం వస్తే ఆంజనేయులు

ఆదివారం చీకటి పడకముందే నాటకం మొదలైంది. తిరునాళ్ల బజారులో మిరపకాయ బజ్జీలు రెండు రూపాయలకి నాలుగు. ఈ వైపు మిరపకాయని కారం కోసం కాకుండా ఆకలి కోసం తింటారని అప్పటికి నమ్మకం కుదిరింది. మా అనకాపల్లిలో ఇలా జాతరకి వెళ్తే జీళ్లు కొనుక్కుంటాం.

నా పక్కన చాప మీద ఒక ముసలావిడ కూర్చుంది. కోటయ్య గారు కిరీటంతో వచ్చి పద్యం ఎత్తుకుంటే చెంగుతో కళ్లు తుడుచుకుంది. రంగం మారింది. అదే కిరీటం, అదే హారం, లోపల దర్జీ సుబ్బారావు. అప్పటిదాకా ఏడ్చిన రాజు ఒక్కసారిగా పాతికేళ్లు తగ్గి, జానెడు పొట్టివాడై, సభలో అందర్నీ మాటలతో ఉతికి ఆరేశాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఇదేమిటనలేదు.

"రాజు మారిపోయాడు కదా మామ్మా, మీకు తికమకగా ఉండదా?" అని అడిగాను.

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "రాజు మారలేదే పిల్లా. ఏడవాలంటే కోటయ్య. మాట్లాడాలంటే సుబ్బారావు. చూస్తా ఉండు, ఇప్పుడు రాజుకి కోపమొస్తది, ఆంజనేయులొస్తాడు."

వచ్చాడు. కిరీటం చిన్నదై తల మీద నిలబడక పురికొసతో గడ్డం కిందకి కట్టారు. రెండో గదా ఘాతానికే శత్రువు పడకూడని చోట పడి, హార్మోనియం పక్కకి దొర్లాడు. జనం ఈలలు.

"ఒక్కడే అన్నీ చేస్తే బాగుండేది కదా?"

"ఒక్కడికే అన్నీ ఎక్కడుంటయ్యే?" అంది ముసలావిడ, ఒక బజ్జీ నా చేతిలో పెడుతూ. "ఉన్నాయని చెప్పుకునేవాడి నాటకం మనం చూడలేం."

ఆ బజ్జీ కారానికి ముక్కు చీదుకుంటూ, కార్డు వెనక్కి తిప్పి రాసుకోవడం మొదలుపెట్టాను.

హైదరాబాదు: సోమవారం

బస్సు దిగి తిన్నగా ఆఫీసుకి వెళ్లాను. మురళికి చెప్పాను: మన రాజు ఒకడే, కానీ అతని వేషం ముగ్గురు వేస్తారు. ఒకరికి బలం, ఒకరికి మాట, ఒకరికి ఓర్పు. ఆడేవాళ్లు పక్కన ఇద్దర్ని కూర్చోబెట్టుకోవాలి. రంగానికి తగ్గట్టు వేషం చేతులు మారాలి. మార్కులు తెర మీద కనపడకూడదు. ఎవరి మార్కులు వాళ్లకే తెలియాలి.

"మార్కులు కనపడకపోతే ఎవడాడతాడు?" అన్నాడు. "పైగా తన ఆట ఇంకొకడికి ఎవడిస్తాడు? నేనైతే ఇవ్వను."

నిజమే, ఇవ్వడు. మా ఆఫీసులో కరెంటు బిల్లు కట్టేదీ ఆయనే, బొమ్మలకి రంగులు దిద్దేదీ ఆయనే, నా డైలాగుల్లో పొల్లులు సరిచేసేదీ ఆయనే. ఏదీ ఎవరికీ వదలడు. సరే, ఒకసారి చూడమని బతిమాలితే, పక్క గదిలో ప్రోగ్రాములు రాసే కుర్రాళ్లు ఇద్దరూ కూర్చుని మూడు రోజుల్లో ఒక ముడి నమూనా అల్లారు. మూడు రంగాలే. గురువారం సాయంత్రం మురళి ఆడటానికి కూర్చున్నాడు. మేమంతా వెనక నిలబడ్డాం.

యుద్ధం ఒక్క దెబ్బకి గెలిచాడు. సభలోకి వెళ్లాడు. మంత్రి అడిగిన మొదటి ప్రశ్నకే తప్పు జవాబిచ్చాడు, రాజ్యం పోయింది. మళ్లీ ఆడాడు. మళ్లీ పోయింది. మంత్రిని కొడదామని చూశాడు, కుదరలేదు. మూడోసారి ఆ మంత్రి డైలాగు మొత్తం, ఆ ఎనిమిది నెలల్లో నేను రాసిందే, మొదటిసారి పూర్తిగా చదివాడు. మళ్లీ ఓడిపోయాడు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తన మార్కులెన్నో ఆయనకి తెలిసిపోయింది. మాకు మాత్రం తెర మీద ఏమీ కనపడలేదు.

మురళి కుర్చీలోంచి లేచాడు. కోపంతో బయటికి వెళ్లిపోతాడనుకున్నాను. కుర్చీ నా వైపు తోశాడు.

"ఈ రంగం నువ్వెయ్యి," అన్నాడు.